పెదనాన్నగారి పాత కబ్ క్యాడెట్ 122 నా చేతికొచ్చింది, ఏళ్లుగా కదల్లేదు. పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పసుపుబానెట్ (ప్రశ్న):

నమస్కారమండీ. మా పెదనాన్నగారి గార్డెన్ ట్రాక్టర్ ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ క్యాడెట్ 122, మూడు గేర్లది. ఇంజిన్ కోహ్లర్ కె301, 12 హార్స్‌పవర్, ఒకటే సిలిండరు. షెడ్డులో పైకప్పు కిందే ఉంది గానీ కనీసం పన్నెండేళ్లుగా ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు.

ఇప్పటిదాకా చూసినవి చెబుతాను. ట్యాంకులో అడుగున ముదురు రంగు పెట్రోలు మిగిలి ఉంది, వార్నిష్ వాసన కొడుతోంది. డిప్‌స్టిక్ మీద ఇంజినాయిల్ నల్లగా ఉంది, నీళ్లు కలిసినట్టు లేదు. బ్యాటరీ పూర్తిగా పోయింది. ముందు పుల్లీని చేత్తో తిప్పి చూస్తే అర అంగుళం కదిలి ఆగిపోతోంది, అంతకంటే బలం పెట్టలేదు. గేరు లివరు కింద రబ్బరు బూటు చిరిగి ఉంది. స్టీరింగు పావు చుట్టు తిరిగాక గానీ చక్రాలు కదలడం లేదు. బానెట్ మీద, ఫెండర్ల అంచుల్లో తుప్పు ఉంది కానీ రేకు తినేయలేదు.

పాత పెట్రోలు తీసేసి, కొత్త బ్యాటరీ పెట్టి కీ తిప్పి చూద్దామా, లేక ముందే అంతా విప్పెయ్యాలా? ఆయన వాడిన బండి కాబట్టి తొందరపడి ఏదీ పాడు చెయ్యకూడదని నా బెంగ. పూర్తయ్యాక దీంతో గడ్డి కోయాలని, తోటపని చేయించాలని కోరిక. చూసుకోవడానికి మాత్రమే కాదు.

---

ఒంటిసిలిండర్:

కీ తిప్పకండి. అంతా విప్పనూ వద్దు. నడిచే బండికి ఏం కావాలో బండే చెబుతుంది. ముక్కలు చేసి పెట్టెల్లో పెట్టిన బండి ఏమీ చెప్పదు. ముందు ఇంజిన్ స్వేచ్ఛగా తిరిగేలా చేసి, తర్వాత స్టార్ట్ చేసి, దాని రోగాలు తెలుసుకున్నాకే విప్పాల్సినవి విప్పండి.

122 అంటే 1965-67 మధ్యది. లూయివిల్‌లో తయారైన మోడల్. కె301కి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంజిన్ రేకు తొడుగు మీద మోడల్, స్పెసిఫికేషన్, సీరియల్ నంబర్లున్న ప్లేటు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. విడిభాగాలు కొనేటప్పుడు ట్రాక్టర్ మోడల్ కంటే ఆ స్పెసిఫికేషన్ నంబరే పనికొస్తుంది, ఎందుకంటే ఇన్నేళ్లలో ఇంజిన్ మారిపోయి ఉండొచ్చు.

మొట్టమొదట ఆ రేకు తొడుగు విప్పండి. షెడ్డులో ఉన్న బండి ఇంజిన్‌లో ఎలుక గూడు ఉండటం మామూలే. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య గడ్డీ పీచూ ఇరుక్కుంటే గాలి ఆడదు. అలాగే స్టార్ట్ చేస్తే పది నిమిషాల్లో హెడ్డు (సిలిండరు పైమూత) వేడెక్కి, గ్యాస్కెట్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు సీటు కదిలే ప్రమాదం కూడా ఉంది. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, గూడుని తడిపి తియ్యండి. ఎలుకల మలం పొడి గాలిలోకి లేవకూడదు. వైర్లు కొరికేసి ఉంటే అదీ అప్పుడే కనబడుతుంది.

ఇక అర అంగుళం కదిలి ఆగడం. ఇది రెండు రకాలుగా ఉండొచ్చు. రింగులు సిలిండరుకి తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు, లేదా వాల్వు దాని గైడులో పట్టేసి ఉండొచ్చు. కాస్తయినా కదులుతోంది కాబట్టి ఆశ ఉంది. ప్లగ్గు తీసి, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి, మూడు నాలుగు చెంచాలు ప్లగ్గు రంధ్రంలోంచి పొయ్యండి. ఆ మిశ్రమానికి మంట అంటుకునే గుణం ఎక్కువ, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇది ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ కాబట్టి వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి, పోసిన నూనె కొంత వాల్వుల మీదికీ వెళుతుంది, అదీ మంచిదే. రోజుకోసారి మళ్లీ పోస్తూ నాలుగైదు రోజులు వదిలెయ్యండి. ముందు పుల్లీని రెండు వైపులా కొద్దికొద్దిగా ఊపండి. సుత్తి వద్దు, పొడుగాటి పైపు పెట్టి లాగడం అసలే వద్దు. కె301లో కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియంది, దానికి వేరే బేరింగ్ షెల్లులు ఉండవు, రాడ్డే నేరుగా క్రాంకు మీద తిరుగుతుంది. బలం పెడితే ముందు వంగేది అదే.

వారంలో కదలకపోతే హెడ్డు విప్పండి. ఇది పెద్ద పనేం కాదు. బోల్టులు ఏవి ఎక్కడివో ఒక అట్టముక్క మీద హెడ్డు బొమ్మ గీసి, రంధ్రాలు పెట్టి గుచ్చుకోండి. హెడ్డు దించాక పిస్టనూ వాల్వులూ కళ్లెదుటే ఉంటాయి. పుల్లీ తిప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు పైకొచ్చి అక్కడే ఉండిపోతే పట్టేసినట్టు. కాండం చుట్టూ నూనె పోసి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తడుతూ కిందికి పంపాలి.

హెడ్డు మళ్లీ వేసేముందు అది వంగిందేమో చూడండి. చదునైన గాజుపలక మీద బోర్లించి ఫీలర్ గేజీతో (సందులు కొలిచే సన్నటి రేకు ఆకులు) చుట్టూ తడమండి. 3 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.076 మి.మీ. ఆకు ఎక్కడైనా దూరితే హెడ్డు వంగినట్టే. గాజు మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ సరిచెయ్యొచ్చు. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టుల్ని మూడు విడతల్లో, ఎదురెదురుగా బిగించాలి. ఆఖరి బిగువు 25 నుంచి 30 ఫుట్-పౌండ్లు. ఒక్కసారే 30కి తీసుకెళితే గ్యాస్కెట్ ఒక పక్కే నలుగుతుంది, నెలలో అక్కడ ఊదుతుంది.

హెడ్డు విప్పారు కాబట్టి వాల్వుల సందు కూడా చూసేయండి. కార్బొరేటర్ వెనక బ్రీదర్ మూత తీస్తే ట్యాపెట్లు కనబడతాయి. ఇంజిన్ చల్లగా ఉండగా, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టను పైకొచ్చినప్పుడు కొలవాలి. ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ, ఎగ్జాస్ట్ 17 నుంచి 20 థౌ. ఎగ్జాస్ట్ సందు తగ్గిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడెక్కాక బలం తగ్గి, అంచు కాలిపోతుంది. కె301లో ట్యాపెట్లకు సర్దే నట్లున్నాయి కాబట్టి సులువే.

కంప్రెషన్ గేజీ పెట్టి భయపడకండి. ఈ ఇంజిన్లలో చాలావాటికి స్టార్టింగ్ తేలిక కావడానికి క్యామ్‌షాఫ్ట్ మీద కంప్రెషన్ తగ్గించే మీట ఉంటుంది. అది నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తిపెడుతుంది. అందుకే గేజీలో అంకె తక్కువే చూపిస్తుంది, ఇంజిన్ మంచిదైనా సరే. చేత్తో చూడాలంటే పుల్లీని ఉల్టా తిప్పండి. ముందు నిలబడి చూస్తే ఈ ఇంజిన్ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి మీరు ముల్లు దిశలో తిప్పాలి. గట్టిగా వెనక్కి తంతే కంప్రెషన్ ఉన్నట్టు. ఇంకా ఖచ్చితంగా కావాలంటే లీక్‌డౌన్ పరీక్ష చెయ్యండి. పిస్టను పైన ఉండగా క్రాంకు కదలకుండా ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో అంటే ఇన్‌టేక్, ఆయిల్ పోసే మూత దగ్గర అంటే రింగులు.

ఇంజినాయిల్ స్టార్ట్ చెయ్యకముందే మార్చాలి. ఎస్ఏఈ 30 పొయ్యండి, డిప్‌స్టిక్ ఫుల్ గీత దగ్గర ఆపండి, ఒక్క చుక్క తక్కువ ఉండకూడదు. దీంట్లో ఆయిల్ పంపు లేదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న ముక్కు ఆయిల్‌ని చిమ్ముతుంది, అన్నిటికీ అదే తడి. ఈ ఇంజిన్ల రాడ్లు విరగడానికి పెద్ద కారణం ఆయిల్ తగ్గినా అలాగే నడిపేయడం. మొదటి అరగంట నడిచాక మళ్లీ మార్చండి, అప్పుడు లోపలి మడ్డి అంతా దిగుతుంది. ఆ దిగిన ఆయిల్‌ని శుభ్రమైన గిన్నెలో పోసి ఎండలో చూడండి. సన్నటి వెండిపొడిలాగా మెరుస్తుంటే రాడ్డు అరుగుతోంది, అప్పుడు ఆయిల్ ప్యాన్ దించాల్సిందే.

---

కండెన్సర్‌గారు:

పైన చెప్పింది పూర్తయ్యాక కరెంటు పని. ఇది బ్యాటరీ ఇగ్నిషన్, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్చు) బ్లాకు పక్కన చిన్న మూత కింద ఉంటాయి. ఏళ్ల తరబడి కదలని బండికి స్పార్క్ రాకపోతే నూటికి తొంభై పాళ్లు పాయింట్ల మీద పొరే కారణం. 400 నంబరు కాగితంతో రెండుసార్లు లాగి, తర్వాత కాంటాక్ట్ క్లీనరులో ముంచిన విజిటింగ్ కార్డు ముక్కని మధ్యలో పెట్టి లాగండి. కార్డు తెల్లగా బయటికొచ్చేదాకా. గరుకు కాగితం రేణువు ఒక్కటి మధ్యలో ఉండిపోయినా స్పార్క్ రాదు. గుంటలు పడి ఉంటే మార్చెయ్యండి. కండెన్సర్ మాత్రం ఎలాగూ కొత్తది వెయ్యండి.

పాయింట్లని కదిపే చిన్న పుష్‌రాడ్ ఒకటుంది. అది రంధ్రంలో పట్టేస్తే పాయింట్లు తెరుచుకోవు, ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. వేలితో నొక్కి చూడండి, జారాలి. దాని చుట్టూ ఆయిల్ ఊరి పాయింట్ల గదిలో తడి కనబడితే పుష్‌రాడ్ గాని, రంధ్రం గాని అరిగిందని.

సందు 20 థౌ పెట్టి మొదలుపెట్టండి, తర్వాత టైమింగుని బట్టి సర్దాలి. ఒక 12 వోల్టుల పరీక్ష బల్బు తీసుకుని, కాయిల్‌కి పాయింట్ల వైర్ వచ్చే కొస నుంచి ఇంజిన్ ఇనుముకి కలపండి. ప్లగ్గు తీసేసి, కీ ఆన్ చేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్లైవీల్ మీది ఎస్ గీత చూపు రంధ్రం మధ్యలోకి రావాలి. టీ గీత పిస్టను పైకొచ్చిన చోటు, దాన్ని చూసి టైమింగు పెట్టకండి. ఎస్ కంటే ముందే వెలిగితే సందు తగ్గించాలి, ఆలస్యమైతే పెంచాలి. అంతా అయ్యాక సందు 17 నుంచి 23 థౌ మధ్య ఉంటే బాగున్నట్టే. ప్లగ్గు చాంపియన్ ఆర్‌హెచ్10సి, సందు 35 థౌ. పని ముగిశాక కీ ఆఫ్ చెయ్యడం మరిచిపోకండి. పాయింట్లు మూసి ఉన్నప్పుడు కీ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

ఈ బండికి స్టార్టరూ జనరేటరూ ఒకటే, బెల్టుతో నడిచేది. బ్యాటరీ కొత్తది పెట్టాక, లేదా రెగ్యులేటర్ (చార్జింగుని అదుపుచేసే డబ్బా) వైర్లు విప్పి మళ్లీ పెట్టాక, మొదటిసారి స్టార్ట్ చెయ్యకముందే జనరేటర్‌కి పోలారిటీ ఇవ్వాలి. రెగ్యులేటర్ మీద బ్యాటరీ కొసకీ జనరేటర్ కొసకీ ఒక వైర్ ముక్కని రెప్పపాటు తాకించి తియ్యాలి, చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఫీల్డు కొస, అంటే ఎఫ్ అని ఉన్నదాన్ని ముట్టుకోకండి. చాలామంది ఈ ఒక్క పని చెయ్యక, చార్జింగు రావడం లేదని మంచి జనరేటర్‌ని పారేస్తారు.

పెట్రోలు విషయం. ట్యాంకు ఖాళీ చేసి, లోపల తుప్పుంటే ఒక గుప్పెడు నట్లు వేసి, వెనిగర్‌తో నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, మధ్యమధ్యలో ఊపండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి, తడి ఉంటే గంటలో మళ్లీ తుప్పు లేస్తుంది. ఆరిన వెంటనే కాస్త పెట్రోలు పోసి లోపల అంతా తిప్పండి. గొట్టాలు కొత్తవి వెయ్యండి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఫిల్టర్ దగ్గర జరుగుతుంది. పంపు లేని బండి ఇది, పెట్రోలు దాని బరువుతోనే కిందికి దిగుతుంది. పంపుతో నడిచే బండ్ల ఫిల్టర్ పెడితే ఖాళీగా తిరిగినప్పుడు బాగానే ఉంటుంది, బరువు పడ్డాక పెట్రోలు అందక ఆగిపోతుంది. గ్రావిటీ ఫీడ్‌కని చెప్పి అడిగి కొనండి.

కార్బొరేటర్ సూదుల్ని మొదట పూర్తిగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. వేళ్లతో ఆనేదాకా మాత్రమే, బిగించకూడదు. బిగిస్తే సూది కొన మీద గాడి పడుతుంది, ఇక ఎప్పటికీ సరిగ్గా కుదరదు. మొదటి స్టార్టింగుకి మెయిన్ సూది 2 చుట్లు, ఐడిల్ సూది ఒకటిన్నర చుట్లు తెరవండి.

---

పసుపుబానెట్:

ఇద్దరికీ చాలా ధన్యవాదాలండీ. ఆరో రోజున ఇంజిన్ కదిలింది, ఎగ్జాస్ట్ వాల్వు పట్టేసి ఉంది, మీరన్నట్టే చెక్కముక్కతో దించాను. తొడుగు కింద నిజంగానే బుట్టెడు గూడు. హెడ్డు 4 థౌ వంగి ఉంది, రుద్ది సరిచేశాను. ఎగ్జాస్ట్ సందు 11 ఉంటే 18కి తెచ్చాను. పాయింట్లు శుభ్రం చేశాక స్టార్ట్ అయ్యింది!

ఇప్పుడు మూడు సమస్యలు. ఒకటి, ఫుల్ థ్రాటిల్‌లో ఖాళీగా తిరుగుతుంటే ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. రెండు, పోలారిటీ ఇచ్చినా ఆమ్మీటరు ప్లస్ వైపు కదలడం లేదు. మూడు, క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటోంది. వెనక గేర్ల ఆయిల్ కొంచెం తీసి చూస్తే చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది.

---

కండెన్సర్‌గారు:

చార్జింగు సంగతి ముందు తేల్చుకుందాం. జనరేటర్‌ది తప్పా, రెగ్యులేటర్‌ది తప్పా అనేది పది సెకన్లలో తెలుస్తుంది. బెల్టు తీసెయ్యండి. జనరేటర్ వైర్లు రెండూ విప్పండి. బ్యాటరీ నెగటివ్ జనరేటర్ ఒంటికి, పాజిటివ్ ‘ఏ’ (A) అని ఉన్న కొసకి, ఎఫ్ కొసని ఒంటికి కలపండి. ఆరోగ్యంగా ఉంటే మోటార్‌లాగా నెమ్మదిగా, ఒకే వేగంతో తిరుగుతుంది. తిరగకపోతే బ్రష్షులు అరిగాయి లేదా కమ్యుటేటర్ మురికి పట్టింది. తిరిగితే జనరేటర్ మంచిదే, తప్పు రెగ్యులేటర్‌దో వైరింగుదో.

రెగ్యులేటర్ కొనేముందు దాన్ని బిగించిన చోట తుప్పూ రంగూ గీకి, ఇనుము మెరిసేలా చెయ్యండి. దాని అడుగుభాగమే దానికి ఎర్త్. పాత బండ్లలో అక్కడ పొర పట్టే చార్జింగు ఆగిపోతుంది. బాగయ్యాక ఇంజిన్ వేగం పెంచి బ్యాటరీ కొసల మధ్య కొలిస్తే 14కి పైన, 14.5 లోపు రావాలి. బెల్టు వదులుంటే స్టార్టింగులో కీచుమంటుంది, మరీ బిగిస్తే జనరేటర్ బేరింగు పోతుంది.

---

ఒంటిసిలిండర్:

ఊగడం గురించి. గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే ఏర్పాటు) స్ప్రింగు జోలికి వెళ్లకండి, అందరూ ముందు దాన్నే లాగుతారు. ఈ ఇంజిన్‌కి గరిష్ఠ వేగం 3600, దాన్ని దాటితే ఆ అల్యూమినియం రాడ్డు తట్టుకోదు. ఊగుతోందంటే ఎక్కువసార్లు పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనట్టు. మెయిన్ సూదిని పావు చుట్టు తెరవండి. ఊపు ఆగిపోతే కారణం అదే. తర్వాత ఇంజిన్ వేడెక్కాక, ఫుల్ థ్రాటిల్‌లో, వేగం తగ్గేదాకా లోపలికి తిప్పండి, మళ్లీ బయటికి తిప్పుతూ అటువైపు తగ్గేదాకా పొండి. రెండింటి మధ్యలో పెట్టి, ఒక్క వెంట్రుకవాసి పెట్రోలు వైపుకి జరపండి. తర్వాత ఐడిల్.

పావు చుట్టుతో ఆగకపోతే గాలి దొంగతనంగా ఎక్కడో దూరుతోంది. ఐడిల్‌లో నడుస్తుండగా కార్బొరేటర్ గ్యాస్కెట్ దగ్గర, థ్రాటిల్ కడ్డీ రెండు చివరలా కార్బ్ క్లీనర్ కొద్దిగా చిమ్మండి. ఎక్కడ చిమ్మినప్పుడు వేగం మారుతుందో అక్కడే లీకు. వేడి సైలెన్సర్ మీద మాత్రం పడనివ్వకండి. కడ్డీని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టకటకమంటే రంధ్రం అరిగింది, బుష్ వేయించాలి.

గవర్నర్ లివరు ఎవరైనా విప్పి ఉంటే మాత్రం తిరిగి కుదర్చాలి. లివరు నట్టు వదులు చేసి, కడ్డీ కొసని పట్టకారుతో గడియారం ముల్లుకి ఎదురుగా ఆగేదాకా తిప్పి, లివరుని కార్బొరేటర్ నుంచి దూరంగా లాగి పట్టుకుని, నట్టు బిగించాలి. అంతే.

---

గ్రీజుచేతులు:

వెనక భాగం నేను చెబుతాను. మజ్జిగలా ఉందంటే నీళ్లు కలిశాయి, దారి ఆ చిరిగిన గేరు బూటే. బండి చలిప్రదేశంలో ఉన్నట్టయితే అడుగున చేరిన నీళ్లు గడ్డకట్టి కేసింగు పగిలిందేమో ముందు కింద పడుకుని చూడండి. పగుళ్లు లేకపోతే ప్లగ్గు తీసి రాత్రంతా కారనివ్వండి. రెండు లీటర్ల డీజిల్ పోసి, వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపి, చేత్తో తిప్పి, మళ్లీ దించండి. తెలుపు పోయేదాకా. ఆ తర్వాత హై-ట్రాన్ ఆయిల్ (ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల గేర్ల ఆయిల్) పోస్తే 7 పింట్లు, అంటే సుమారు 3.3 లీటర్లు పడుతుంది. రెండు మూడు గంటల పని అయ్యాక మళ్లీ చూడండి, కాస్త తెల్లబడితే ఇంకోసారి మార్చాలి. బూటు మార్చకుండా ఆయిల్ మార్చడం వృథా.

క్లచ్ గరగర రెండింట్లో ఒకటి. ఏళ్లు నిలబడ్డ బండిలో డిస్కు ప్లేట్లకి తుప్పుతో అతుక్కుంటుంది. పెడల్‌ని పూర్తిగా కిందికి నొక్కి, కర్రముక్కతో అలా ఆపి రెండు మూడు రోజులు వదిలితే చాలాసార్లు విడిపోతుంది. రెండోది సర్దుబాటు. పెడల్ వదిలి ఉన్నప్పుడు త్రోఅవుట్ బేరింగుకీ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే బేరింగు) రిలీజ్ లివరుకీ మధ్య 50 థౌ, అంటే ఒకటింపావు మి.మీ. సందు ఉండాలి. సందు ఎక్కువైతే పెడల్ ఎంత తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు, మీకిప్పుడు వస్తున్నది ఇదే కావచ్చు. అసలు సందే లేకపోతే బేరింగు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతుంది, బరువు పడ్డప్పుడు క్లచ్ జారుతుంది. డిస్కు చుట్టూ ఉన్న పొడిని గాలితో ఊదకండి. ఆ కాలపు డిస్కుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యండి.

క్లచ్ కడ్డీ వెనక కప్లింగులో చుట్టగా ఉండే స్టీలు పిన్నుంటుంది. ఒక్కోసారి ఇంజిన్ బాగుంటుంది, క్లచ్ బాగుంటుంది, గేరు పడుతుంది, బండి మాత్రం కదలదు. అలాంటప్పుడు ఆ పిన్ను తెగినట్టు. చేత్తో ఊపి చూసి, అక్కడ ఆట (వదులు కదలిక) ఎక్కువుంటే ఇప్పుడే మార్చండి. మామూలు బోల్టు వెయ్యకండి, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది.

స్టీరింగులో పావు చుట్టు ఆట ఒక్క చోటిది కాదు, నాలుగు చోట్లది కలిసి అంత అవుతుంది. ఒకరు స్టీరింగు మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద కూర్చుని చూడాలి. టై రాడ్డు చివరలు, స్పిండిల్ బుష్‌లు, ముందు యాక్సిల్ మధ్య పిన్ను, ఆఖర్న స్టీరింగు బాక్సు. బాక్సు లోపల పెగ్గు అరిగి ఉంటుంది. లాక్‌నట్టు వదులు చేసి సర్దే స్క్రూని, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు కాస్త బరువు తగిలేదాకా మాత్రమే బిగించాలి. మూల తిరిగి ఉన్నప్పుడు బిగిస్తే మధ్యలోకి వచ్చేసరికి పట్టేస్తుంది. బాక్సు నిండా గ్రీజు ఉండాలి, ఎండిపోయి సబ్బుముక్కలా ఉంటే తీసేసి కొత్తది నింపండి.

వెనక టైర్లలో నీళ్ల శబ్దం వస్తోందేమో ఊపి చూడండి. బరువు కోసం కాల్షియం క్లోరైడ్ ద్రావణం నింపే అలవాటు ఉంది. ట్యూబు కారితే అది రిమ్ముని లోపల్నుంచి తినేస్తుంది. వాల్వు చుట్టూ తెల్లటి ఉప్పు, తుప్పు కనబడితే టైరు దించి రిమ్ము చూడాల్సిందే.

---

పాతరంగు:

రంగు గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. దయచేసి ఇప్పుడే రుద్దెయ్యకండి. మీరు పంచుకున్న సంగతుల్ని బట్టి రేకు గట్టిగానే ఉంది. గేరు లివరు గుండు మీద, స్టీరింగు పైభాగం మీద, ఫెండరు అంచున ఎక్కేటప్పుడు చెయ్యి ఆనించిన చోట రంగు అరిగి నున్నబడి ఉంటుంది. కొత్త రంగు ఎప్పుడైనా వెయ్యొచ్చు. పెదనాన్నగారి చెయ్యి అరగదీసిన ఆ చోటు ఒకసారి పోతే మళ్లీ రాదు. సబ్బునీళ్లతో కడిగి, రబ్బింగ్ కాంపౌండ్ మెల్లగా పట్టించి, మైనం పూస్తే పాత పసుపు ఆశ్చర్యపోయేలా తేలుతుంది. తుప్పున్న చోట సన్నటి స్టీలు ఉన్నిని నూనెలో ముంచి రుద్ది, బట్టతో తుడిచి వదిలెయ్యండి.

తప్పనిసరిగా రుద్దాల్సి వస్తే తడిపి రుద్దండి. 1960ల నాటి రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. గ్రైండర్‌తో పొడిగా రుద్దితే ఆ ధూళి ఇంట్లోకి, పిల్లల చేతుల్లోకి పోతుంది.

చిన్న బ్రాకెట్లు, గడ్డి కోసే డెక్ (బండి కింద బిగించే బ్లేడ్ల పెట్టె) భాగాలు బాగా తుప్పు పట్టి ఉంటే ఎలక్ట్రాలిసిస్ మంచిది. ప్లాస్టిక్ తొట్టెలో నాలుగు లీటర్ల నీళ్లకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా. బ్యాటరీ చార్జర్ నెగటివ్ మీ వస్తువుకి, పాజిటివ్ ఒక పనికిరాని మామూలు ఇనుప ముక్కకి. రెండూ తాకకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదగా మారి, బ్రష్షుతో తోస్తే ఊడొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క ఎప్పుడూ పెట్టకండి, నీళ్లలో విషపూరిత క్రోమియం దిగుతుంది. అల్యూమినియం భాగాలు అసలు ముంచకూడదు, కార్బొరేటర్ కూడా అంతే. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చెయ్యండి.

ఇంకొక్క మాట. షెడ్డు ఖాళీ చేసేవాళ్లు పాత ఇనుమని పారేసేలోపు మీరు వెళ్లి మూలమూలా వెతకండి. డెక్‌కి బెల్టు తిప్పే రెండు పుల్లీల బ్రాకెట్, దాన్ని మ్యూల్ డ్రైవ్ అంటారు, అది లేకపోతే గడ్డి కోసే డెక్ ఉన్నా బిగించలేరు. చక్రాల బరువులు, బ్లేడు తాలూకు కడ్డీలు, డబ్బాల్లో వేసి ఉంచిన పిన్నులు, బోల్టులు, అన్నీ తెచ్చుకోండి. ఏది దేనిదో తర్వాత తెలుస్తుంది. గోడ మీద గాని డబ్బా మూత మీద గాని ఆయిల్ మార్చిన తేదీలు, బెల్టు నంబర్లు రాసి ఉంటే ఫోటో తీసుకోండి.

---

పసుపుబానెట్:

పాతరంగు గారూ, మీరు చెప్పాక షెడ్డుకి మళ్లీ వెళ్లాను. మ్యూల్ డ్రైవ్ దూలానికి వేలాడుతూ దొరికింది. తలుపు వెనక సుద్దముక్కతో ప్లగ్గు నంబరూ, రెండు బెల్టుల నంబర్లూ రాసి ఉన్నాయి, ఆయన చేతిరాతే. ఫోటో తీశాను. రంగు ముట్టుకోను.

రెగ్యులేటర్ కింద గీకితే చార్జింగు వచ్చింది, 14.2 చూపిస్తోంది. మెయిన్ సూది పావు చుట్టుకే ఊపు ఆగింది. క్లచ్ సందు కొలిస్తే 110 థౌ ఉంది! 50కి తెచ్చాక గేరు మెత్తగా పడుతోంది. డెక్ ఇంకా బిగించలేదు. అంతకుముందు ఇంజిన్ వైపు చూడాల్సింది ఇంకేమన్నా ఉందా?

---

ఒంటిసిలిండర్:

ఉంది. కొత్త గ్యాస్కెట్ వేశారు కాబట్టి రెండు మూడుసార్లు బాగా వేడెక్కేలా నడిపి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాత హెడ్డు బోల్టుల్ని మళ్లీ టార్క్ రెంచితో అదే వరుసలో చూడండి. వేడి మీద బిగించకూడదు. ఒకటి రెండు బోల్టులు కాస్త తిరుగుతాయి, అది మామూలే. డెక్ వేసి బరువు మీద నడిపేది ఆ తర్వాతే. తీసిన రేకు తొడుగులు అన్నీ తిరిగి బిగించారో లేదో చూసుకోండి, పక్కన ఉండే చిన్న ముక్కతో సహా. అది లేకపోతే గాలి సిలిండరు దాకా రాకుండా పక్కకి పోతుంది. గడ్డి కోసేటప్పుడు థ్రాటిల్ సగంలో పెట్టి నడపకండి, ఫుల్‌కి దగ్గర్లో పెట్టండి. ఆయిల్ చిమ్మడానికీ, చల్లబడటానికీ ఆ వేగమే కావాలి. ఇంకో విషయం, ఈ కాలం బండిలో సీటు దిగితే ఇంజిన్ ఆగే ఏర్పాటు ఉండదు. దిగే ముందు ప్రతిసారీ డెక్ క్లచ్ విడిచి, కీ ఆఫ్ చేసి, బ్లేడ్లు ఆగాకే కాలు కింద పెట్టండి.